ఎగ్జార్సిస్ట్ సినిమాలు డిస్కుల మీద: ఏ కూర్పు కొనాలి, ఎలా చూడాలి

ఎగ్జార్సిస్ట్ పేరుతో ఇప్పటిదాకా వెండితెర మీదికి వచ్చినవి ఆరు సినిమాలు. డిస్కులు కొనబోతే మాత్రం తొమ్మిది ఎదురవుతాయి. మొదటి మూడింటికీ రెండేసి కూర్పులు ఉండటమే దీనికి కారణం. ఒక్కో కూర్పు వెనకా ఒక్కో తగవు ఉంది. మొదటి సినిమాలో రచయితకూ దర్శకుడికీ, రెండోదానిలో దర్శకుడికీ ప్రేక్షకులకూ, మూడోదానిలో దర్శకుడికీ నిర్మాతలకూ. నాలుగో సినిమాను ఏకంగా రెండుసార్లు తీశారు. థియేటర్లలో తెగని ఈ తగవులన్నీ ఇంటి వీడియోలోనే తేలాయి. అందుకే ఈ వరుసను అట్ట మీది బొమ్మ చూసి కొంటే కుదరదు. దాన్ని తిరగేసి, చిన్న అక్షరాల్లో వేసిన నిడివి చూసి కొనాలి. దాని చుట్టూ తిరిగేదే ఈ మార్గదర్శి. కథలోని కొన్ని మలుపులు చెప్పక తప్పదు కాబట్టి, అసలేమీ తెలియకుండా చూడాలనుకునేవారు మొదటి సినిమా 122 నిమిషాల కూర్పును ముందు చూసి, ఆ తరువాత ఇది చదవండి.

మొదటి అడుగు: 122 నిమిషాలా, 132 నిమిషాలా?

విలియం పీటర్ బ్లాటీ 1971లో రాసిన నవలను విలియం ఫ్రీడ్‌కిన్ దర్శకత్వంలో వార్నర్ బ్రదర్స్ సినిమాగా తీసింది. 1973 డిసెంబరు 26న విడుదలైంది. నిడివి 122 నిమిషాలు. స్క్రీన్‌ప్లే రాసిందీ, నిర్మించిందీ బ్లాటీయే. ఎడిటింగ్‌లో ఫ్రీడ్‌కిన్ కొన్ని సన్నివేశాలు తీసేస్తే ఆయన మనసు కష్టపెట్టుకున్నారు. వాటిని తిరిగి చేర్చమని ఏళ్ల తరబడి అడుగుతూనే వచ్చారు. చివరికి ఫ్రీడ్‌కిన్ మెత్తబడి, 2000లో 132 నిమిషాల కూర్పు తెచ్చారు. థియేటర్లలోనూ డీవీడీలోనూ దాని పేరు ‘ది వెర్షన్ యూ హావ్ నెవర్ సీన్’. బ్లూరే కాలానికి అదే ‘ఎక్స్‌టెండెడ్ డైరెక్టర్స్ కట్’ అయింది. పేర్లు రెండు కనిపించాయని రెండూ కొనకండి.

పది నిమిషాల్లో ఏముందని అనిపించవచ్చు. చాలానే ఉంది. దెయ్యం పట్టిన పిల్ల రీగన్ వెల్లకిలా వంగి, సాలీడులా మెట్ల మీదుగా దిగివచ్చే దృశ్యం అందులోదే. దాన్ని 1973లోనే చిత్రీకరించారు. కానీ నటిని పట్టి ఉంచిన తీగలు కనబడుతున్నాయని పక్కన పెట్టారు. 2000లో కంప్యూటర్‌తో వాటిని చెరిపేశారు. రీగన్‌ను తల్లి మొదటిసారి డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లే సన్నివేశం కూడా తిరిగి చేరింది. అది కథకు మేలే చేసింది. రోగం ముదిరే క్రమం కాస్త నిదానంగా కనబడుతుంది.

నా ఫిర్యాదు మిగతావాటి మీద. ఆ దెయ్యాన్ని వదిలించే భూతవైద్యం మధ్యలో, అది చేస్తున్న పాదరీలు ఫాదర్ మెరిన్, ఫాదర్ కారస్ అలసిపోయి గది బయట మెట్ల మీద కూర్చునే ఘట్టం తీసుకోండి. 122 నిమిషాల కూర్పులో వాళ్లు మాట్లాడరు. మసక వెలుతురులో ఇద్దరు మనుషులు, వాళ్ల అలసట, అంతే. 132లో అక్కడ సంభాషణ ఉంటుంది. ఇంతమంది ఉండగా ఈ పిల్లనే ఎందుకు పట్టింది అని కారస్ అడుగుతాడు. మనల్ని నిరాశలోకి తోయడానికి అని మెరిన్ జవాబిస్తాడు. బ్లాటీకి ప్రాణప్రదమైన మాటలు అవి. ఆయన దృష్టిలో సినిమా సారమంతా అక్కడే ఉంది. కానీ తెర మీద ఆ మాటలు వినబడగానే, అప్పటిదాకా మనమే వేసుకుంటున్న ప్రశ్నకు ఎవరో జవాబు రాసిచ్చినట్టు ఉంటుంది.

ఇక దెయ్యపు ఆ తెల్లటి ముఖం. మొదటి కూర్పులో కారస్ కలలో అది కొన్ని ఫ్రేముల పాటు మెరిసి మాయమవుతుంది. నిజంగా చూశామా, మన కళ్లే మోసం చేశాయా అన్న అనుమానం మిగులుతుంది. 2000 కూర్పులో కంప్యూటర్ చేతికి వచ్చింది కదా అని ఆ ముఖాన్ని ఇంట్లో మరికొన్ని చోట్ల కూడా వేశారు. దాంతో అనుమానానికి చోటు లేకుండా పోయింది. ముగింపు కూడా మారింది. పాత కూర్పులో కారస్ స్నేహితుడు ఫాదర్ డయర్ ఇంటి పక్కనున్న రాతి మెట్ల వంక చూసి వెళ్లిపోతాడు. కొత్తదానిలో డిటెక్టివ్ కిండర్‌మన్ వచ్చి ఆయనతో సినిమా కబుర్లు మొదలుపెడతాడు. ఆ స్నేహం ముచ్చటైనదే, మూడో సినిమాకు దారి కూడా వేస్తుంది. అయినా తొలిసారి చూసేవారికి నేను 122 నిమిషాల కూర్పునే చెబుతాను.

రెండో అడుగు: అట్ట వెనక లెక్క

ఇక్కడ ఒక మెలిక ఉంది. సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఐరోపా డీవీడీలు, మన దగ్గరి పాత డీవీడీలు పాల్ (PAL) అనే టీవీ పద్ధతివి. వాటిలో సెకనుకు 25 ఫ్రేములు. అందుకని సినిమా దాదాపు నాలుగు శాతం వేగంగా పరుగెత్తి, ముందే ముగుస్తుంది. 122 నిమిషాల సినిమాకు పాల్ డీవీడీ మీద సుమారు 117 అని ఉంటుంది, 132కు 127 అని ఉంటుంది. ఏమీ కోయలేదు, కంగారు అక్కరలేదు.

మూడో సినిమా దగ్గర ఇదే లెక్క మనల్ని బోల్తా కొట్టిస్తుంది. దాని థియేటర్ కూర్పు 110 నిమిషాలు, దర్శకుడి కూర్పు సుమారు 105. పాల్ డీవీడీలో 110 కాస్తా 105కు పైచిలుకు అవుతుంది. ఐరోపా డీవీడీ అట్ట మీద 105 చూసి, దొరకని కూర్పు దొరికిందని డబ్బు పంపేస్తే వచ్చేది మామూలు థియేటర్ కూర్పే. ఆ దర్శకుడి కూర్పు 2016కు ముందు అచ్చైన ఏ డిస్కులోనూ లేదు. అట్ట అడుగున ఉండే కాపీరైటు సంవత్సరం చూస్తే ఈ చిక్కు విడిపోతుంది. బ్లూరేలు, 4కె డిస్కులు సెకనుకు 24 ఫ్రేములతోనే నడుస్తాయి కాబట్టి వాటి మీది నిడివిని ఉన్నదున్నట్టు నమ్మవచ్చు.

మూడో అడుగు: మీ ప్లేయరు ఏ ప్రాంతానిది?

డిస్కులకు ప్రాంతాల వారీ తాళం ఉంటుంది, ఆ ప్రాంతాన్నే రీజియన్ అంటారు. డీవీడీకి అమెరికా 1వ రీజియన్, బ్రిటన్ 2, భారత్ 5. బ్లూరేకు అమెరికా ‘ఏ’, బ్రిటన్ ‘బి’, భారత్ ‘సి’. 4కె డిస్కులకు రీజియన్ గొడవ లేదు. వార్నర్ బ్లూరేలు చాలావరకు ఎక్కడైనా ఆడతాయి. అసలు చిక్కు స్క్రీమ్ ఫ్యాక్టరీ అనే అమెరికా సంస్థ డిస్కులతో. ఈ వరుసలో రెండో, మూడో సినిమాలకు మేలైన బ్లూరేలు వాళ్లవే, అవేమో ‘ఏ’ రీజియన్‌కు తాళం వేసినవి. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చే బంధువుల సూట్‌కేసులో తెప్పించుకునేవారు ముందు ఈ సంగతి చూసుకోవాలి. డిస్కు క్షేమంగా ఇల్లు చేరుతుంది, ప్లేయరు మాత్రం మొండికేస్తుంది.

దీనికి రెండు దారులు. అన్ని రీజియన్లూ ఆడే ప్లేయరు కొనడం ఒకటి. డిస్కులతో పాటు ‘ఏ’ రీజియన్ ప్లేయరును కూడా అమెరికా నుంచే తెప్పించుకోవడం రెండోది. రెండో దారి పట్టేవారు ప్లేయరు వెనక ఎన్ని వోల్టులని రాసి ఉందో చదవండి. 120 వోల్టులని మాత్రమే ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు, స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి.

డిస్కు డ్రైవు ఉన్న ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కె డిస్కులను ఆడిస్తాయి. ప్లేస్టేషన్ 4 ప్రో ఆడించదు. అయితే మన దేశంలో కొన్న యంత్రానికి బ్లూరే విషయంలో సి రీజియనే. కంప్యూటర్ డీవీడీ డ్రైవులో రీజియన్‌ను ఐదుసార్లు మాత్రమే మార్చుకోవచ్చు. అయిదోసారి ఎక్కడ ఆగితే అక్కడే ఉండిపోతుంది.

నాలుగో అడుగు: ఏ సినిమాకు ఏ డిస్కు

మొదటి సినిమాకు బొమ్మ నాణ్యతే ముఖ్యమనుకుంటే 2023లో యాభై ఏళ్ల సందర్భంగా వచ్చిన 4కె సెట్. రెండు కూర్పులూ ఉన్నాయి. కానీ పాత బ్లూరే ఉన్నవారు దాన్ని అమ్మేయకండి. 4కె డిస్కుల్లో వ్యాఖ్యానాలు తప్ప పెద్దగా అదనపు సరుకు లేదు. 2010 బ్లూరేలో ‘రైజింగ్ హెల్’ అని అరగంట చిత్రం ఉంది. ఛాయాగ్రాహకుడు ఓవెన్ రోయిజ్‌మన్ షూటింగ్ నాడు 16 ఎంఎం కెమెరాతో తీయించిన సెట్టు దృశ్యాలు అందులో చూడవచ్చు. మంచం ఎలా ఊగిందో, గదిని ఎలా చల్లబరిచారో కళ్లారా తెలుస్తుంది. 1998లో వచ్చిన 25వ వార్షికోత్సవ డీవీడీలో బీబీసీ వారి ‘ది ఫియర్ ఆఫ్ గాడ్’ డాక్యుమెంటరీ ఉంది. ఈ సినిమా తయారీ మీద అంతకన్నా మంచిది నేను చూడలేదు. ఆ ఒక్కదాని కోసం పాత డీవీడీ కొన్నా నష్టం లేదు.

రెండో సినిమా ‘ది హెరెటిక్’ 1977లో వచ్చింది. జాన్ బూర్‌మన్ దర్శకుడు, రిచర్డ్ బర్టన్ కథానాయకుడు, ఎన్నియో మోరికోనే సంగీతం. ఇంత సరంజామా ఉండి కూడా ప్రేక్షకులు భయపడాల్సిన చోట నవ్వారు. విడుదలయ్యాక బూర్‌మన్ హడావుడిగా తిరిగి ఎడిట్ చేశారు, ఫలితం దక్కలేదు. స్క్రీమ్ ఫ్యాక్టరీ 2018 సెట్‌లో 118 నిమిషాల మొదటి కూర్పు, 102 నిమిషాల కుదించిన కూర్పు రెండూ ఉన్నాయి. చూస్తే 118 చూడండి. అది ఒక పెద్దమనిషి చేసిన పిచ్చి సాహసం, మోరికోనే సంగీతం కోసమైనా ఓర్చుకోవచ్చు. 102లో పిచ్చి తగ్గలేదు, అర్థం మాత్రం తగ్గింది.

మూడోది ఈ వరుసలో రెండో గొప్ప సినిమా. 1983లో రాసిన తన ‘లీజియన్’ నవలను బ్లాటీయే 1990లో తెరకెక్కించారు. జార్జ్ సి. స్కాట్ కిండర్‌మన్‌గా వేశారు. ఆయన తీసిన సినిమాలో భూతవైద్యం లేదు. పేరులో ఎగ్జార్సిస్ట్ పెట్టి భూతవైద్యం లేకపోతే ఎలా అని నిర్మాణ సంస్థ మోర్గన్ క్రీక్ పట్టుబట్టింది. నికోల్ విలియమ్సన్‌ను ఫాదర్ మార్నింగ్‌గా తెచ్చి చివర్లో ఆ తతంగం అతికించారు. మొదట బ్రాడ్ డూరిఫ్ ఒక్కరే వేసిన ఆసుపత్రి ఖైదీ పాత్రలోకి తొలి సినిమా నటుడు జేసన్ మిల్లర్‌ను కూడా చేర్చారు.

తీసేసిన ఫిల్మ్ దొరకలేదు. 2016లో స్క్రీమ్ ఫ్యాక్టరీ వాళ్లు షూటింగ్ నాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్ల నుంచి ఆ దృశ్యాలను తీసుకుని దర్శకుడి కూర్పును పునర్నిర్మించారు. తళతళలాడే బ్లూరే దృశ్యం నడుస్తూ నడుస్తూ ఒక్కసారిగా అలుక్కుపోయిన క్యాసెట్ బొమ్మలోకి జారుతుంది. డిస్కు పాడైందని వెనక్కి పంపకండి, అది అంతే. ఆ అతుకుల వల్లే ఎక్కడ ఎవరి చేయి పడిందో తెలుస్తుంది. 2017 జనవరిలో బ్లాటీ కన్నుమూశారు. అంతకు కొన్ని నెలల ముందే ఇది బయటికి వచ్చింది. 2023లో ఇదే సంస్థ మూడో సినిమాను 4కెలో తెచ్చింది. 4కె డిస్కు ఎక్కడైనా ఆడుతుంది, దర్శకుడి కూర్పు ఉన్న బ్లూరే మాత్రం ‘ఏ’ రీజియన్ ప్లేయరునే అడుగుతుంది.

తరువాతి రెంటినీ జంటగా చెప్పాలి. మెరిన్ యువకుడిగా ఉన్నప్పటి కథను పాల్ ష్రేడర్ పూర్తి సినిమాగా తీసి ఇచ్చారు. భయం చాలలేదని నిర్మాతలు దాన్ని అటక మీద పెట్టి, రెన్నీ హార్లిన్‌తో దాదాపు మొత్తం మళ్లీ తీయించారు. ‘ది బిగినింగ్’ పేరుతో 2004లో విడుదలైంది అదే. అది తుస్సుమన్నాక ష్రేడర్ సినిమాను ‘డొమినియన్’ పేరుతో 2005లో బయటికి వదిలారు. రెండింట్లోనూ మెరిన్ స్టెల్లన్ స్కార్స్‌గార్డే, ఛాయాగ్రాహకుడు విట్టోరియో స్టొరారోయే. చుట్టూ ఉన్న నటులు మారారు. విడివిడిగా రెండూ యావరేజే. వరుసగా రెండు రాత్రులు చూస్తే మాత్రం, ఒకే కథాంశాన్ని ఇద్దరు ఎలా పట్టుకుంటారో చెప్పే పాఠంలా ఉంటాయి. ఒకటే కొనాలంటే ‘డొమినియన్’. అందులోని కంప్యూటర్ హైనాలను మాత్రం చూసీ చూడనట్టు వదిలేయండి, పూర్తి చేయడానికి వాళ్లకు డబ్బు ఇవ్వలేదు.

ఈ ఐదింటినీ కలిపి ‘ది కంప్లీట్ ఆంథాలజీ’ అని వార్నర్ 2006లో డీవీడీ పెట్టె, 2014లో బ్లూరే పెట్టె తెచ్చింది. తక్కువ ఖర్చులో అన్నీ కావాలనుకునేవారికి 2014 పెట్టె మంచి బేరమే. మూడో సినిమా దర్శకుడి కూర్పు మాత్రం అందులో ఉండదు.

ఐదో అడుగు: వాడిన సరుకు కొనేటప్పుడు

డిస్కును దీపం కింద ఏటవాలుగా పట్టుకుని చూడండి. మధ్య నుంచి అంచుకు పోయే గీతలు అంత ప్రమాదం కాదు. గుండ్రంగా, ట్రాకు వెంబడి పోయే గీతలే ప్లేయరును ఆపేస్తాయి. తుడిచేటప్పుడు కూడా మెత్తటి గుడ్డతో మధ్య నుంచి బయటికే తుడవాలి, గుండ్రంగా రుద్దకూడదు. వార్నర్ తొలినాటి డీవీడీలు ప్లాస్టిక్ అంచున్న అట్టపెట్టెల్లో వచ్చేవి. మన తేమకు ఆ అట్ట ఉబ్బిపోతుంది, డిస్కుకు ఏమీ కాదు. అట్ట చూసి బేరం తగ్గించండి.

వీహెచ్‌ఎస్ క్యాసెట్ అయితే కిటికీలోంచి టేపు చుట్ట అంచును చూడండి. తెల్లటి పొడిలా కనబడితే బూజు. విశాఖ, కాకినాడ లాంటి సముద్రతీరపు ఊళ్లలో అటక మీద పడి ఉన్న క్యాసెట్లకు ఇది మామూలే. దాన్ని వీసీఆర్‌లో పెడితే హెడ్డుకు అంటుకుని, తరువాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. బ్రిటన్ క్యాసెట్లకు వయసు కట్టడం తేలిక. అక్కడ 1984 వీడియో చట్టం తరువాత మొదటి సినిమాకు 1999 దాకా వీడియో సర్టిఫికెట్ దక్కలేదు. కాబట్టి అట్ట మీద 18 ముద్ర ఉంటే అది 1999 లేదా ఆ తరువాతిది. ముద్ర లేకుండా దొరికితే 1980ల తొలినాటిది కావచ్చు. సేకరించేవారు వెతికేది దాన్నే, నకిలీలు వచ్చేదీ దానికే.

ఆరో అడుగు: టీవీ, చప్పుడు, చీకటి

ముందు టీవీలో కదలికలను నునుపు చేసే సదుపాయాన్ని ఆపేయండి. సోనీలో మోషన్‌ఫ్లో, ఎల్‌జీలో ట్రూమోషన్ అని ఉంటుంది. అది పనిచేస్తుంటే 1973 నాటి ఫిల్మ్ కూడా సాయంత్రం సీరియల్‌లా కనబడుతుంది. బొమ్మను ఫిల్మ్‌మేకర్ లేదా సినిమా మోడ్‌లో పెట్టండి, వివిడ్ వద్దు.

వెలుగు సరిచూసుకోవడానికి రెండు దృశ్యాలు చాలు. రీగన్ ఇంటి ముందు మెరిన్ టాక్సీ దిగి వీధి దీపం కింద నిలబడే దృశ్యంలో ఆయన కోటు నలుపు, చుట్టూ ఉన్న రాత్రి విడివిడిగా కనబడాలి, పొగమంచు మీద వెలుగు బూడిదరంగు తిరగకూడదు. రెండోది భూతవైద్యం జరిగే పడకగది. నటుల ఊపిరి ఆవిరిగా కనబడటం కోసం ఆ సెట్టును గడ్డకట్టే చలికి దిగువకు చల్లబరిచారు. ఆ ఆవిరి మీ తెర మీద స్పష్టంగా కనబడాలి. కనబడకపోతే వెలుగు కొద్దిగా పెంచండి.

శబ్దం అంతకన్నా ముఖ్యం. ఈ సినిమాకు వచ్చిన రెండు ఆస్కార్లలో ఒకటి శబ్దానికే. ప్లేయరులోనూ సౌండ్‌బార్‌లోనూ నైట్ మోడ్ ఆపేయండి. అది చిన్న చప్పుళ్లను పెంచి పెద్దవాటిని తగ్గిస్తుంది, ఫ్రీడ్‌కిన్ కట్టిన లెక్క చెడిపోతుంది. వాల్యూమ్‌ను తొలి ఇరాక్ ఘట్టంతో సరిచేయకండి. అక్కడి గునపాల మోత విని తగ్గించేస్తారు. తల్లి క్రిస్ రాత్రి పడక మీద చదువుకుంటుండగా అటక మీద గీకుతున్నట్టు చప్పుడు వచ్చే దృశ్యం దాకా వెళ్లండి. ఆ గీకుడు మీ ఇంటి కప్పు మీద నుంచే వచ్చిందా అని తల తిప్పేంత వినబడితే అదే సరైన మట్టం. అక్కడి నుంచి రిమోట్ ముట్టుకోవద్దు. పిల్లలు నిద్రపోతుంటే హెడ్‌ఫోన్లు పెట్టుకోండి.

మూడో సినిమాలో ఆసుపత్రి నడవా దృశ్యానికి కూడా ఇదే మట్టం ఉంచండి. కెమెరా నడవాకు ఈ చివర కదలకుండా ఉంటుంది. ఆ చివర బల్ల దగ్గర నర్సు. చప్పుడు వినబడి ఒక గదిలోకి వెళ్తుంది. గ్లాసులో మంచుముక్కలు చిట్లుతున్నాయి, అంతే. తిరిగి వచ్చి కూర్చుంటుంది. పోలీసు అటూ ఇటూ నడుస్తాడు. తెర మీద ఏమీ జరగదు, నిమిషాలు గడుస్తున్నట్టు ఉంటుంది. ఫోను చూసుకోవాలనిపించేది సరిగ్గా అప్పుడే. చూసుకోవద్దు.

ఏడో అడుగు: వరుస

విడుదలైన వరుసలో చూడకండి. మొదటిదాని 122 నిమిషాల కూర్పు తరువాత నేరుగా మూడోదాని 110 నిమిషాల కూర్పుకు వెళ్లండి. మొదటిదాని కథను నిజంగా కొనసాగించేది అదే. కిండర్‌మన్, డయర్ పదిహేనేళ్ల తరువాత మళ్లీ కలుస్తారు. నటులు మాత్రం మారారు. మొదటిదానిలో కిండర్‌మన్ వేసిన లీ జె. కాబ్ 1976లోనే పోయారు. ఆ తరువాత మొదటిదాని 132 నిమిషాల కూర్పు, వెంటనే మూడోదాని దర్శకుడి కూర్పు చూస్తే బ్లాటీ మనసులో ఉన్న సినిమా జంటగా దొరుకుతుంది. ‘డొమినియన్’, ‘ది బిగినింగ్’ ఆ తరువాత. ‘ది హెరెటిక్’ ఎప్పుడైనా చూడవచ్చు, దేనికీ అడ్డు రాదు.

2023లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ తీసిన ‘ది ఎగ్జార్సిస్ట్: బిలీవర్’లో ఎలెన్ బర్‌స్టిన్ మళ్లీ క్రిస్‌గా కనిపిస్తారు. దాన్ని విడుదల చేసింది యూనివర్సల్ కాబట్టి వార్నర్ పెట్టెల్లో వెతకవద్దు, విడిగా కొనాల్సిందే. తొందరేమీ లేదు.